పై చెవికి పోగు

ఈ బస్సు కాకుండా దీని వెనక బస్సుకు వచ్చి ఉంటే సరిపోయేది, ఎక్కి కూర్చున్నాక అనుకుని ఏం లాభం, ఎడమ పక్క కిటికీ సీటు దొరికింది కాబట్టి ఎడమ చెవి ఎవరికీ కనబడదులే అనుకుంటూ నవనీత చున్నీని ఇంకాస్త ముందుకు లాక్కుంది, బట్ట చెవి అంచుకు రాసుకుని సలుపు తల వెనక దాకా పాకింది, పద్దెనిమిది రోజుల తర్వాత మళ్ళీ కాలేజీకి, కట్టు నిన్ననే విప్పారు, అద్దం ఉందా అక్కా అని అడిగితే వనపర్తి దవాఖానలో నర్సు ఇంటికి పోయి చూసుకో బిడ్డా అన్నది, ఆ మాటతోనే సగం అర్థమైంది, ఇంటికొచ్చి చూసుకుంటే చెవి పై సగం ఎండబెట్టిన వంకాయ ఒరుగు లాగా ముడుచుకుని లోపలికి మడత పడింది, పైన ఉండే మెత్తటి ఎముక చీముకు కరిగిపోయిందమ్మా, పాత ఆకారం ఇంక రాదు అన్నాడు డాక్టరు, చెవి తనది, చెప్పింది మాత్రం అమ్మకు, పదిహేడేళ్ళ మనిషి ఆ పక్క స్టూలు మీదే కూర్చుని ఉండగా.

వీపనగండ్ల దాటక ముందే బస్సు ఇంకోసారి ఆగింది, జీరో టికెట్టు, ఆధార్ కార్డులు తీసి పెట్టుకోండమ్మా అని అరుస్తున్న కండక్టరు భుజం పక్క నుంచి నజ్మా ఎక్కింది, ఎక్కుతుందని తెలుసు, ఆరో తరగతి నుంచి ఈ ఇంటర్ రెండో సంవత్సరం దాకా ముందు ఎక్కినవాళ్ళు రెండోవాళ్ళకు సంచి పెట్టి సీటు ఆపేవాళ్ళు, ఈ రోజు పెట్టకపోయినా పక్క సీటు ఖాళీగానే ఉంది, నజ్మా దాన్ని చూసింది, నవనీతను చూసింది, చూసి రాడ్డు పట్టుకుని అక్కడే నిలబడింది, ఖాళీ ఉంది గదమ్మా కూసో, తొవ్వకు అడ్డముంటవెందుకు అని కండక్టరు కసిరాడు, పర్వలేదన్నా అన్నది నజ్మా, ఏం పర్వలేదు, వెనకకెల్లి ఆడోల్లు ఎక్కుతున్నరు అని అతను గట్టిగా అన్నాక వచ్చి సీటు చివర, పడిపోతుందేమో అన్నంత చివర కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది, ఇద్దరి మధ్య ఇంకో చిన్నపిల్ల పట్టేంత చోటు, కోపముంటే నన్ను తిట్టరాదా అనుకుంది నవనీత, తిడితే ఏడ్చేదాన్ని, ఏడిస్తే ఏదో ఒకటి అయిపోయేది.

ఏడాది నుంచి కావాలనుకున్నది ఆ ఒక్కటే, చెవి పైన సన్నటి వెండి రింగు, ఫోన్లో ఎవరి చెవికి కనబడ్డా వేళ్ళతో పెద్దది చేసి చూసుకునేది, నానమ్మ భీమమ్మకు రెండు చెవుల పైనా బొక్కలున్నాయి, పెళ్ళినాడు పెట్టిన బుగిడీలు మొన్న మొన్నటి దాకా పెట్టుకుని తిరిగింది, అది సొమ్ము, నవనీత అడిగితే పిచ్చి, సదువుకోనీకె పోతున్నవా ఆటకు పోతున్నవా అన్నాడు నాన్న మాసయ్య, బంగారం పని చేసే ఔసుల చెన్నయ్య తాత దగ్గరికి పోతే ఆయనా మొహం తిప్పాడు, కింద తమ్మె అయితే కుడ్త గని పైది ఎముక అసొంటిది బిడ్డా, చీము పడ్తే నావల్ల గాదు, చేతకాక అంటున్నాడనుకుంది, మర్నాడే కాలేజీ ఇడిచాక వనపర్తిలో ఒక ఫ్యాన్సీ షాపు, గాజు బీరువా మీద బొట్టుబిళ్ళల పక్కన చెవులు కుట్టే గన్ను, నజ్మా గుమ్మంలోనే చెయ్యి పట్టుకుని ఆపింది, వొద్దే నవనీ, తాత అంత చెప్పిండు గద, జర ఆగు, ఎండకాలం సెలవుల్ల మీ అమ్మకు చెప్పి కుట్టించుకో, నీకు భయమైతే బయట నిలబడు అన్నది నవనీత, నజ్మా బయట నిలబడలేదు, లోపలికొచ్చి వేళ్ళు పట్టుకుంది, టక్కుమన్న చప్పుడు చెవిలో కాదు పళ్ళలో వినబడింది, కళ్ళ నిండా నీళ్ళు, ఆ నీళ్ళలోంచే ఫోన్లో చూసుకుంటే ఎంత బాగుంది, తన మొహంలో మొదటిసారి తాను ఎంచుకున్నది ఏదో ఒకటి ఉంది, దాన్ని చూసి నజ్మా కూడా నవ్వింది, మంచిగుందే, నిజంగ మంచిగుంది.

మంచిగా ఉన్నది మూడు రోజులు, తర్వాత ఎరుపు, తర్వాత వాపు, జుట్టు విరబోసుకుని చెవి కప్పుకుని తిరగడం, రాత్రి ఆ పక్కకు ఒత్తిగిల్లలేకపోవడం, తొమ్మిదో రోజు నోట్సు కోసం నజ్మా ఇంటికి పోతే వాళ్ళమ్మ రజియాబీ జుట్టు పక్కకు తీసి చూసి అల్లా అన్నది, గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పెట్టి, దూదితో అద్ది, నుదురు మీద చెయ్యి వేసి, జరం గూడ ఉంది, ఇది ఇంట్ల తగ్గేది గాదు బేటా, రేపే దవాఖానకు పో, మీ అమ్మకు నువ్వు చెప్తవా నన్ను చెప్పమంటవా, నేనే చెప్త పెద్దమ్మా అన్నది నవనీత, చెప్పకపోతే ఈమే వచ్చి చెప్పేస్తుందనుకుంటూ ఇంటికొచ్చింది, ఆ సాయంత్రమే అమ్మ జడ వేస్తానని జుట్టు పైకెత్తింది, ఏంది గిది, ఎవరు కుట్టిన్రు, ఎవరు తీస్కపోయిన్రు, దువ్వెన జుట్టులో అట్లాగే ఆగింది, నజ్మా, నజ్మానే తీస్కపోయింది, నేను వద్దన్న, అదే బలవంతం చేసింది.

అంతే, ఇంకో ప్రశ్న లేదు, దవాఖానకు పోవాల్సిన పొద్దున అమ్మ ముందు వాళ్ళింటికి నడిచింది, వెనకాల నవనీత, ఇన్నేళ్ళుగా రజియక్కా అని తప్ప పిలవని అమ్మ వాకిట్లో నిలబడి ఏమమ్మా అన్నది, ఏమమ్మా, మీ పిల్ల మీ ఇష్టం, మా పిల్లను చెడగొట్టనీకె నీ బిడ్డకు ఏం రోగమొచ్చింది, నవనీత పుట్టినప్పుడు అమ్మకు దవాఖానలో రెండు రోజులు తోడున్న మనిషి ఆ రజియాబీ, బియ్యం కడుగుతున్న చేతులు కొంగుకు తుడుచుకుంటూ లేచింది, నిన్న నేనే దవాఖానకు పొమ్మన్న అని చెప్పలేదు, అమ్మను చూడలేదు, అమ్మ వెనక నిలబడ్డ నవనీతను చూసింది, ఒక్కసారే, తర్వాత గల్లీలో జనం పోగవుతుంటే వెనక్కి తిరిగి నజ్మా చెంప మీద కొట్టింది, పో లోపలికి, నజ్మా నేను గాదని అనలేదు, వాళ్ళ నాన్న దావూద్ వారం రోజులు కాలేజీ మాన్పించాడని తర్వాత తెలిసింది, గందుకే చెప్పిన వాళ్ళతోని దోస్తాన్ వద్దని, వాళ్ళు గట్లనే ఉంటరు అన్నది అమ్మ తిరిగొచ్చేటప్పుడు, ఎన్నడు చెప్పింది, ఒక్కనాడైనా చెప్పిందా, చెప్పలేదు, కానీ ఆ మాట విని నవనీత ఆశ్చర్యపోనూ లేదు.

వనపర్తి దగ్గర పడుతోంది, బస్సు నిండిపోయింది, చెవి ఎట్లుంది అన్నది నజ్మా, ముందుకే చూస్తూ, మంచిగనే ఉంది, నొప్పి తగ్గిందా, తగ్గింది, బస్సు మలుపు తిరుగుతుంటే నజ్మా భుజం వచ్చి తగలబోయి తగలలేదు, కాళ్ళు గట్టిగా పెట్టి ఆపుకుంది, ఒక్కటి అడుగుత నవనీ, నా పేరే ఎందుకు చెప్పినవ్, గొంతులో కోపం లేదు, లెక్క అర్థం కాక సారును అడిగినట్టు అడిగింది, నా చెవికి పైన బొక్కే లేదు గద, ఉంటే అదొక మాట, మీ అమ్మ నా చెవి దిక్కు చూడనే లేదు, నవనీత చున్నీ ఇంకోసారి లాక్కుంది, జరమొచ్చి ఉండె నజ్మా, భయమైంది, నోటికేదొస్తే అది అన్న, నాకేం తెల్వలేదు, నజ్మా తల ఊపింది, నేను గూడ గట్లనే అనుకున్న, జరంల అన్నవని మా అమ్మీకి గూడ గదే చెప్పిన, బస్టాండు రాగానే లేచి సంచి భుజానికి తగిలించుకుని జనంలో దిగిపోయింది.

నమ్మింది, నజ్మా ఈ అబద్ధాన్ని నమ్మింది, అందరూ దిగుతున్నారు, నవనీత సీట్లోనే కూర్చుంది, జ్వరం ఉన్నది నిజం, భయమూ నిజమే, కానీ అమ్మ దువ్వెన ఆగిన ఆ క్షణంలో నోటికి ముందు వచ్చింది నజ్మా కాదు, నాగర్‌కర్నూల్ మామ కూతురు స్వరూప, దాని చెవికి మూడు బొక్కలున్నాయి, కానీ స్వరూప అంటే అమ్మ వెంటనే మామకు ఫోన్ చేస్తుంది, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూసిన్రు అని అడుగుతుంది, కాలేజీలో ఉమారాణి అంటే దాని తండ్రి నాన్నకు తెలుసు, పొలం దగ్గర కలిసినప్పుడు నాన్నే అడుగుతాడు, ఇవన్నీ అనుకుంది, జ్వరంలోనే, ఒక్కొక్కటీ పట్టి చూసి వదిలింది, చివరికి ఏ పేరు దగ్గర ఎవరూ ఏమీ అడగరో ఆ పేరు తీసుకుంది, వాళ్ళు గట్లనే ఉంటరు అన్న మాట అమ్మ ఆ గల్లీలో పైకి అన్నది, అంతే, అంతకు ముందు సాయంత్రమే, అమ్మ నోరు తెరవక ముందే, ఆ మాట ఇంట్లో ఉందని నవనీతకు తెలుసు, తెలిసే వాడుకుంది.