చుక్క ఎగరని దుముకుడు

రాసుకోప్పా, రాసుకో. బెంగుళూరు నుంచి ఇంత ఎండలో వచ్చినావు. మీ యూనివర్సిటీ ఈత జట్టు మొదలై ఇరవై ఏండ్లాయనా, దాని చరిత్ర అచ్చేస్తారా, మొదటి డైవరు చిక్కన్న ఊరు చూసి పోవల్లని వచ్చినావా. మంచిది. వల్లూర్లో ఎవుర్నడిగినా కాటప్ప కాడికి పో అన్నారు గదా? అనరా మల్ల! ఈ ఊర్లో దుముకేదంటే నా పేరే చెప్తారు. తెల్లోళ్లు పోతా ఉండారు, మహారాజుల కాలమూ ముగిసేటట్లుండాది గానీ, నా కడుపుమంట మాత్రం ఆరేటట్లు లేదు.

ముందుగాల ఒకటి తెలుసుకో. బావి చిక్కన్నోళ్లది, దుముకుడు నాది. వాళ్లు భూములున్నోళ్లు, మేము గొర్లు మేపేవాళ్లం. ఎద్దులతో నీళ్లు తోడే వాళ్ల కపిల బావిలో దుముకితే నీళ్లు ఎగిరొచ్చి గట్టుమింద ఉన్నోళ్ల మొగాన పడల్ల, అదీ మా లెక్క. నేను మోకాళ్లు ఎదకు కరుచుకోని పడితే కపిల ఎద్దులు బెదిరేవి. చిక్కన్న చేతులు చాపుకోని తలకిందులుగా పోయేవాడు. చప్పుడుండదు, చుక్క ఎగరదు. బల్లి పడినట్ల పడినాడ్రా అని అందరూ నవ్వేవాళ్లు. అందరికన్నా గట్టిగా నేను నవ్వేవాణ్ని.

ఇద్దరమూ మధుగిరిలో హైస్కూలు ముగించినాము. ఆ యేడే మీ కాలేజీలో కొత్తగా ఈతకొలను కట్టినారంట. ఈదేవాళ్లు దొరికినారు గానీ ఎత్తు నుంచి దుముకేవాడు దొరకలేదంట. మా పక్క బావుల్లో పిల్లోళ్లు బాగా దుముకుతారని ఎవురో చెప్తే ఈత మేష్టరు వెతుక్కుంటా వచ్చినాడు. ఆయన ఏరుకున్నోనికి కాలేజీలో సీటు, హాస్టల్లో ఊరికే అన్నం. చిక్కన్నకు అది రాకపోయినా వాళ్ల నాయన చదివిస్తాడు. నాకు రాకపోతే మల్ల గొర్ల ఎనకాలే.

మేష్టరు గట్టుమింద నిలబడినాడు. నేను యాడ్నుంచో పరిగెత్తుకోనొచ్చి ఎగిరి పడినాను చూడు, ఆయన కోటు, తలకు చుట్టిన పేటా, అద్దాలు అన్నీ తడిసిపాయె. ఊరంతా ఈలలు. ఇంగేముంది, సీటు నాదే అనుకున్నాను. తర్వాత చిక్కన్న ఎప్పటి మాదిరే పోయినాడు. మేష్టరు అద్దాలు తుడుచుకుంటా ఇంగొకసారి దుముకమన్నాడు. అది చూసి మల్లా దుముకమన్నాడు. ఆమీదట వాని భుజంమింద చెయ్యేసి, నీళ్లు ఎగరకుండా పోయేదే అసలు విద్య అని కన్నడంలో చెప్పినాడు. ఊరు నమ్మలేదు. బావి వాళ్లది గదా, అందుకే ఏరుకున్నాడు అన్నారు. నేనూ అదే మాట అన్నాను.

వాడు పోయినాడు, నేను ఈడ్నే ఉండిపోయినాను. కుళ్లప్పా, కుళ్లు. దానికి ఇంకో పేరు పెట్టేది నాకు చేతగాదు. వాడు బూట్లేసుకున్నాడంటే కుళ్లు, మద్రాసు కాలేజీవాళ్లను ఓడించినాడంటే కుళ్లు, వాళ్లమ్మ నన్ను పలకరించినా కుళ్లే. గొర్లను నీడన పండబెట్టి, మనుషులు లేంది చూసుకోని, వాని మాదిరి దుముకేది నేర్చుకునేదానికి దిగినాను. కడుపు నీళ్లకు తగిలి ఎర్రగా వాచేది. ఒక్కసారి వాని మాదిరి పోతే చాలు, మేష్టరు తప్పు మనిషిని ఏరుకున్నాడని నాకు నేను చెప్పుకోని బతకొచ్చు అనుకునేవాణ్ని.

ఎండాకాలం సెలవలకు చిక్కన్న వచ్చినాడు. మద్రాసోళ్లను ఓడించిన దుముకుడు మాకూ చూపియ్యమని ఊరంతా బావికాడ చేరింది. వాడు గట్టెక్కి, గాలి పీల్చుకోని, దుమికినాడు. ఏం చెప్పేదప్పా. మనిషి లోపలికి పోయినంక కూడా నీళ్లు కదల్లేదు. అంత బాగా దుముకేది నేను యాడా చూడలేదు, నాకు ఏడుపొచ్చింది. ఊరు మాత్రం ఇంకా ఏదో జరగతాదని కాసుకోనుండాది. ముసలి సుబ్బక్క, ఇంతేనా, దీనికి బెంగుళూరు దాకా పోవల్లా అనేసింది. అందరూ నవ్వినారు. కాటప్పా, నువ్వు దుముకు, ఆ పిల్లోడు చూసి నేర్చుకోనీ అని నన్ను ముందుకు తోసినారు.

నేను గట్టెక్కినాను. మోకాళ్లు కరుచుకోలేదు. చేతులు చాపుకోని తలకిందులుగా, వాని మాదిరే పోయినాను. నీళ్లు దగ్గరికొచ్చే కొద్దీ భయమేసిందో ఏమో, చేతులు విడిపోయె, నడుము వంగిపోయె. దబ్బుమని పడినాను. పైకి లేచి చూస్తే గట్టంతా తడి, ఊరంతా చప్పట్లు. సుబ్బక్క కొంగు పిండుకుంటా, దుముకితే ఇట్ల దుముకల్ల అంటా ఉండాది.

చిక్కన్న ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. నీళ్లల్లోనే ఉన్నాడు వాడు. ఈదుకుంటా నా పక్కకొచ్చి, ఇంగెవురికీ వినపడకుండా అన్నాడు.

"ఆఖర్న చేతులు విడిపోయినాయి కాటా. రవ్వంతలో తప్పిపాయె. ఇంగొకసారి దుముకు, నేను చూస్తా."

వాడు నవ్వింటే బాగుండు. నవ్వింటే నేను కొట్టేవాణ్ని, ఇద్దరికీ సరిపోయేది. నేను ఓడిపోయినట్ల ఊర్లో ఒక్కరికీ తెలీదు, వానికి తెలిసిపాయె. తెలిసి, నేర్పిస్తానన్నాడు. నేను మెట్లెక్కి, చప్పట్లు కొట్టేవాళ్ల నడుమ నుంచి గొర్ల కాడికి పోయినాను.

ఆ పొద్దు సంగతి ఊర్లోవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు, కాటప్ప ముందర చిక్కన్న నిలవలేకపోయినాడని. అది నిజం కాదని నేను ఎవురికీ చెప్పలేదు. నువ్వు మాత్రం జరిగింది జరిగినట్ల రాసుకో.