ఎర్ర తువ్వాల వచ్చేదాకా

"స్టంట్లు ఏసేది ఈయప్పనేనా!" అని భూపేష్ మా బావను చూపించి కేకేయగానే మైదుకూరు టీ అంగడి ముందున్న మోటారు సైకిళ్ల వాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఇద్దరు కుర్రాళ్లయితే ఈల కూడా వేశారు.

నేనన్నది అది కాదు. అయిదారు బుల్లెట్లు ఒకేసారి డుగుడుగుమంటుంటే, ఈ కొండదారి యాత్రకు నాయకుడైన కడప భూపేష్ చెవిలో నోరు పెట్టి, "మా బావకు మూన్నెల్ల కింద స్టెంటు ఏసినారప్పా, కొంచెం సూసుకో" అన్నాను. గుండె నాళంలో వేసిన స్టెంటు భూపేష్ చెవి నాళంలోకి పోయేసరికి స్టంటు అయి కూర్చుంది.

"అన్నా, ముందు చక్రం ఒకసారి లేపన్నా!" అన్నాడు ఈల వేసినవాడు.

మా బావ ఓబుళేశు వంగి ముందు చక్రాన్ని శ్రద్ధగా చూశాడు. "ఎందుకప్పా లేపేది? గాలి బాగానే ఉండాది గదా."

ఓర్వకల్లులో ఎరువుల అంగడి పెట్టుకున్న మనిషి, యాభై రెండేళ్లు. చెప్పిన మాటను చెప్పినట్టే వింటాడు, విన్నదాన్ని విన్నట్టే చేస్తాడు. ఇక లాభం లేదని టీ అంగడి బెంచీ ఎక్కి నిలబడ్డాను.

"స్టంటు కాదు నాయనా, స్టెంటు! గుండె ఉన్నోడు చేసేది స్టంటు. గుండెకు చేసేది స్టెంటు. ఈయనది రెండోది."

చప్పట్లు టక్కున ఆగిపోయాయి. భూపేష్ మొహం చిన్నబోయింది. "తప్పయిపాయె నారాయణన్నా. ఇంజను శబ్దంలో ఇనపళ్యా" అని, మా బావ భుజం మీద చెయ్యి వేశాడు. "పెద్దన్నకు ఈ దినం కష్టం లేని పని ఇస్తా. నీడలో నిలబడే పని."

ఆ నీడే మమ్మల్ని ముంచుతుందని అప్పుడు ఎవరికి తెలుసు!

భూపేష్ వాళ్ల పద్ధతి ఇది. కర్నూలు నుంచి మేం ఆరు బండ్లు, కడప నుంచి వాళ్లు ఎనిమిది. ఒకరికొకరు కొత్త. అందుకని ముందు బండి భూపేష్‌ది. చిట్టచివరి బండివాడు భుజం మీద ఎర్ర తువ్వాల కట్టుకుంటాడు. దారి రెండుగా చీలే చోట, నాయకుడి వెనకున్నవాడు ఆగి, వచ్చేవాళ్లకు ఎటు పోవాలో చెయ్యి చూపిస్తాడు. వాడికి వీళ్లు పెట్టిన పేరు గుంజ. ఎర్ర తువ్వాల కనబడగానే గుంజ తన బండి ఎక్కి వాళ్లతో కలవాలి. అంతవరకు కదలకూడదు.

"ఎవరు పిల్చినా కదలగూడదు పెద్దన్నా. ఎర్ర తువ్వాల వచ్చేదాకా నువ్వు గుంజ."

"సరే అప్పా. ఎర్ర తువ్వాల" అన్నాడు మా బావ, అప్పు పత్రం మీద సంతకం పెట్టినంత గంభీరంగా.

ఆ తువ్వాలవాడు హర్షవర్ధన్, కడపలో కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయి. ఆలస్యంగా వచ్చి ఊరి బయట పెట్రోలు బంకు దగ్గర వెనకవైపు కలిశాడు. అందరికీ పరిచయం చేసే తీరిక భూపేష్‌కు లేకపోయింది.

ఇక నా భయం సంగతి చెప్పాలి. మా బావ భార్య శివాని నా చెల్లెలే. తెల్లవారుజామున ఓర్వకల్లులో బండి ఎక్కేముందు ఒక మాత్రల అట్ట నా సంచిలో తోసింది.

"ఒంటిగంటకు అన్నం తిన్నాక ఒకటి. ఒక్క పూట గూడా తప్పగూడదని డాక్టరు గట్టిగా చెప్పినాడు. ఆయప్ప చేతికిస్తే మర్చిపోతాడు. నువ్వు మర్చిపోవు."

"అంత నమ్మకమా నా మీద?"

"నమ్మకం కాదన్నా. నేనంటే నీకు భయం."

శివాని శివమెత్తితే ఎట్లుంటుందో చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణి. అట్టను సంచి లోపలి అరలో పెట్టి జిప్పు వేశాను. రెండుసార్లు తీసి చూసి మళ్లీ వేశాను.

మైదుకూరు దాటి బద్వేలు వైపు పోతుంటే కొండలు దగ్గరకొచ్చాయి. ఈ ఏడు వానలు బాగా పడి, ఎప్పుడూ ఎండిన గొర్రె చర్మంలా ఉండే కొండలు పచ్చగా ఉన్నాయి. ఎండ మాత్రం తన ఎండతనం మానుకోలేదు. పదకొండున్నరకే హెల్మెట్టు లోపల తల కుక్కర్లో పప్పులా ఉడుకుతోంది. మెయిన్ రోడ్డు నేరుగా బద్వేలుకు పోతుంది. ఎడమకు చీలిన పాత దారి మలుపులు తిరుగుతూ కొండ ఎక్కుతుంది. మాది పాత దారి.

చీలిక దగ్గర మా బావ నడిరోడ్డు మీద హెల్మెట్టుతో నిలబడి, రెండు చేతులూ ఎడమకు చాచి ఉన్నాడు. పక్కన చెట్టు కింద ఒక ముసలామె సీతాఫలాల గంప పెట్టుకుని కూర్చుంది.

"బావా, ఎండలో యాల? నీడలో నిలబడు!" అని అరుస్తూ నేను ఎడమకు తిరిగాను. ఆయన తల ఊపాడు. చెప్పిన మాట చెప్పినట్టే వినే మనిషి అని ముందే మనవి చేసుకున్నాను కదా.

కొండ మీద ఒక సిమెంటు అరుగు ఉంది. అక్కడ నిలబడితే కింద లోయ, లోయలో పొలాలు, దూరంగా చెరువొకటి. అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. నేను బండ్లు లెక్కపెట్టుకుంటున్నాను. పన్నెండు. ఎర్ర తువ్వాల, మా బావ రావాలి. పావుగంట గడిచింది. ఇరవై నిమిషాలు. చివరికి ఇంజను చప్పుడు వినబడింది. మలుపు తిరిగి హర్షవర్ధన్ వచ్చాడు. ఒక్కడే.

"మా బావ యాడప్పా?"

"ఎవరన్నా మీ బావ?" హెల్మెట్టు అద్దం పైకెత్తి అడిగాడు.

"గుంజ! చీలిక కాడ నిలబెట్టింటిమే!"

"గుంజ ల్యాకపాయనే. నేను నీళ్లకు ఆగి కొంచెం లేటయినా. చీలిక కాడికొచ్చేసరికి బండీ ల్యా, హెల్మెట్టూ ల్యా. ముందే మీతో వచ్చేసినాడేమో అనుకున్యా."

మా బావకు ఫోను కొడితే అందుబాటులో లేదని వచ్చింది. నేను దాటినప్పుడు ఉన్న మనిషి, ఇతను దాటేసరికి లేడు. అంటే మధ్యలో కొండెక్కాడు. కొండెక్కిన మనిషి పైకి రాలేదు. పైకి రాని మనిషి... ఆ లెక్క పూర్తి చేయడానికి నాకు ధైర్యం చాలలేదు.

అప్పుడే జేబులో ఫోను మోగింది. ఎక్కడా లేని సిగ్నలు ఆ అరుగు మీదే ఎందుకు తగలాలి! శివాని.

"అన్నా, ఒంటిగంట అయితాండాది. మాత్తర ఏసుకున్యాడా?"

మాత్ర మాత్రం నా సంచిలో భద్రంగా ఉంది. మనిషే లేడు.

"ఏసుకున్యాడమ్మా" అన్నాను.

"ఆయప్పకు ఫోనియ్యి."

"ఫొటోలు దిగుతాండాడు. మళ్లా చేపిస్తా." ఫోను పెట్టేశాను. నలభై ఎనిమిదేళ్ల జీవితంలో నోటికొచ్చిన మాటలు చాలా అన్నాను గానీ, అంత చేదు మాట నోటికి రాలేదు.

భూపేష్ అప్పటికే బండి తిప్పాడు. "ముగ్గురం దిగుదాం. నారాయణన్న, నేను, హర్ష. ప్రతి మలుపు కాడ ఆగి కిందికి సూడాల. మిగతావాళ్లు ఈడే ఉండండి, పెద్దన్న పైకొస్తే ఒకరు దిగొచ్చి చెప్పండి."

హర్షవర్ధన్ హెల్మెట్టయినా తీయకుండా బండి తిప్పుకున్నాడు.

అది హెయిర్‌పిన్ మలుపుల దారి. నా నెత్తిన ఎప్పుడో హెయిరు పోయింది, ఇప్పుడు ఒళ్లంతా పిన్నులు గుచ్చుకుంటున్నాయి. మొదటి మలుపు దగ్గర ఆగి లోయలోకి చూశాం. తుప్పలు. రెండో మలుపు. బండి కోసం చూస్తే బండలు కనబడ్డాయి. "బావా!" అని అరిస్తే కొండ నా గొంతే నాకు తిరిగిచ్చింది. మూడో మలుపులో రోడ్డు మీద నల్లటి టైరు గీత ఒకటి అంచుదాకా పోయి ఆగింది. భూపేష్ దానిపక్కన కూర్చుని వేలితో రుద్ది చూశాడు. నా వైపు చూడకుండా పోయి బండి ఎక్కాడు.

ఎదురుగా టీవీఎస్ మీద గడ్డిమోపుతో ఒకాయన వచ్చాడు. భూపేష్ చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. "దావలో బండి ఏదన్నా పడి కనపడిందా పెద్దాయనా?"

"కింద మలుపు కాడ గోడ ఇరిగుండాది గదా, ఆడ లోపల ఒక బండి పడుండాది సూడు" అని చెప్పి ఆయన పోయాడు.

ఆ మలుపు దాకా బండి ఎట్లా నడిపానో నాకు గుర్తులేదు. గోడ నిజంగానే విరిగి ఉంది. ఇరవై అడుగుల కింద తుప్పల్లో హ్యాండిలు మెరుస్తోంది. భూపేష్ చెట్ల కొమ్మలు పట్టుకుని దిగాడు. నేను దిగలేకపోయాను. విరిగిన గోడ మీద కూర్చుని సంచి జిప్పు పట్టుకున్నాను. శివానికి ఏమని చెప్పాలి? "ఫొటోలు దిగుతాండాడు" అన్న మాటను ఎట్లా వెనక్కి తీసుకోవాలి?

"అన్నా!" కింది నుంచి భూపేష్ అరిచాడు. "పాత బండి! చక్రాల్లో నుంచి చెట్టు మొలిచుండాది!"

ఏడుపొచ్చింది. ఆ బండి మాది కానందుకు వచ్చిన ఏడుపు, మా బండి ఇంకెక్కడుందో తెలియనందుకు వచ్చిన ఏడుపు, రెండూ కలిసి వచ్చాయి. టైము చూశాను. రెండు దాటింది. హర్షవర్ధన్‌ను మిగిలిన రెండు మలుపులూ జాగ్రత్తగా చూస్తూ రమ్మని, మేమిద్దరం కిందికి దిగాం.

చీలిక దగ్గర రోడ్డు మీద ఎవరూ లేరు. చెట్టు కింద ముసలామె గంప, గంప పక్కన బండరాయి. రాయి మీద తలకు తెల్ల తువ్వాల చుట్టుకుని మనిషొకడు నిటారుగా కూర్చున్నాడు. చెట్టు వెనక, మాను చాటున, మా బావ బండి. హ్యాండిలుకు హెల్మెట్టు వేలాడుతోంది.

నేను బండి పడేసి పరుగెత్తాను. మొహం పాలిపోయి ఉంది, చెమటలు కారుతున్నాయి. రెండు భుజాలూ పట్టుకుని, "బావా! ఏమయింది బావా?" అన్నాను.

"పక్కకు జరుగు బామ్మర్దీ" అన్నాడాయన. "రోడ్డు కనపడ్ల్యా."

"రోడ్డు ఎందుకు నీకు?"

"ఎర్ర తువ్వాల ఇంకా రాల్యా. రెండున్నర గంటలాయె. ఆ పిలగానికి ఏమయిందో ఏమో, యా గుంతలో పడినాడో. బద్వేలు బస్సును ఆపి డ్రైవర్ని అడిగినా. ఎవరూ సూళ్యా అంటారు. నాకు బుగులుగా ఉండాది."

మేం ఆయన కోసం లోయలు వెతుకుతుంటే, ఆయన హర్షవర్ధన్ కోసం బస్సులు ఆపుతున్నాడు.

"ముందు మాత్తర ఏసుకో!" జిప్పు లాగబోతే గుడ్డలో ఇరుక్కుని రాలేదు. భూపేష్ లాగాడు.

"కూడు తినకుండా మాత్తర ఏందప్పా?" అని సీతాఫలాల ముసలామె గంగక్క అడ్డుపడింది. "నేను సంగటి పెడతానంటే తినకపాయె. ఆ తువ్వాలోడు వచ్చినాక తింటాడంట. ఇట్లాంటి మనిషిని నేను యాడా సూళ్యా."

నా సంచిలోని చిత్రాన్నం నాలుగు ముద్దలు బలవంతంగా తినిపించాను. గంగక్క కుండలో నీళ్లిచ్చింది. రెండూ నలభైకి మాత్ర గొంతు దిగింది. గుటకేసింది ఆయన, ఊపిరి పీల్చుకున్నది నేను. పది నిమిషాలకు మొహంలోకి రంగు వచ్చింది. చెమట ఆరింది. గుండె నొప్పి లేదన్నాడు. మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ లేదన్నాడు.

అప్పుడు హర్షవర్ధన్ దిగొచ్చాడు. బండి ఆపి, పొద్దుటి నుంచి మా ఎదుట మొదటిసారిగా హెల్మెట్టు తీశాడు. లోపల తలకు గట్టిగా చుట్టుకుని, తడిసి నల్లబడిన ఎర్ర తువ్వాల.

మా బావ లేచి నిలబడ్డాడు. "అదేనా?"

హర్షవర్ధన్ తల తడుముకున్నాడు. మొహం కూడా తువ్వాల రంగుకు తిరిగింది. "ఎండకు తాళల్యాక, దావలో బోరింగు కాడ ఆగి తడిపి నెత్తికి సుట్టుకున్యా. భుజం మీద ల్యాకపోతే గుంజకు తెల్వదని తోచల్యా." అని మా బావ తల మీది తెల్ల తువ్వాల వైపు చూశాడు. "పెద్దాయనా... నువ్వు నాకు చెయ్యి ఊపినావు గదా?"

"ఊపినా. ఎడమకు పొమ్మని ఊపినా. మా బామ్మర్ది నీడకు పొమ్మన్యాడని బండి గూడా నీడకు తోసి, హెల్మెట్టు తీసి తువ్వాల సుట్టుకున్యా. ఈడ నుంచే అందరికీ ఊపినా."

"నేను గూడా ఊపినా. సేని కాడ మనిషి పలకరిస్తాండాడు అనుకున్యా."

"నేను సూస్తానే ఉంటి" అంది గంగక్క. "ఇద్దరూ నవ్వుకుంటా చేతులూపుకున్యారు. సుట్టాలేమో అనుకున్యా."

పైనున్నవాళ్లు చూసి చూసి విసిగి ఒక్కొక్కరే దిగొచ్చారు. వచ్చిన ప్రతివాడూ "ఏమాయె, ఏమాయె" అంటుంటే భూపేష్ మొదటి నుంచి చెప్పాడు. గుంజ నీడకు పోయి హెల్మెట్టు తీశాడు, చివరివాడు నీళ్లకు ఆగి తువ్వాల నెత్తికి చుట్టాడు, ఎవరి గుర్తు వాళ్లు దాచేసుకుని ఎదురెదురుగా చెయ్యి ఊపుకున్నారు. నాలుగోసారి చెప్పేసరికి భూపేష్ గొంతు బొంగురుపోయింది.

ఇంకొకరికి చెప్పాల్సి ఉంది. చీలిక దగ్గర ఇటు టవలూ పనిచేయలేదు, అటు టవరూ పనిచేయలేదు. మా బావను నా వెనక ఎక్కించుకుని, సిగ్నలు తగిలే మిట్ట దాకా పోయాను. మిగతా బండ్లూ వెంట వచ్చాయి. ఫోను స్పీకర్లో పెట్టి, మా బావను ఆపి, నేనే మొదలుపెట్టాను.

"అమ్మా శివానీ, ఒంటిగంటకు నేను నీకు అబద్ధం చెప్పినా. మాత్తర రెండూ నలభైకి ఏసుకున్యాడు. మనిషి బాగుండాడు. ఎందుకట్లాయనో చెప్తా, తిట్టకుండా ఇను."

గుంజ, తువ్వాల, నీడ, నీళ్లు, అంతా వరసగా చెప్పాను.

"ఆయప్ప గొంతు ఇనిపియ్యి" అంది చివరికి.

"బాగుండా శివానీ" అన్నాడు మా బావ. "ఆ పిలగాడూ బాగుండాడు."

ముక్కు చీదిన శబ్దం వినబడింది. తర్వాత ఆమె గొంతు మామూలుగా, అంటే గట్టిగా వచ్చింది. "ఆ తువ్వాల నెత్తి మీద సుట్టుకుని, పైన హెల్మెట్టు పెట్టుకుంటే గుంజకు ఎట్లా కనపడతాదంట?"

అందరూ హర్షవర్ధన్ వైపు చూశారు. అతను ఫోను దగ్గరకు వంగాడు.

"కనపడదక్కా" అన్నాడు.