తొట్టి కింద పచ్చిక

దొడ్డిలో నీళ్లతొట్టి కారి కారి, దాని చుట్టూ పచ్చిక ఏపుగా పెరిగింది. మేకలాయన దాన్ని చూసి తెగ మురిసిపోయేవాడు. మేకలు అక్కడే మేసేవి, అక్కడే పెంటికలు వేసేవి. తొట్టి బాగుచేయించమని భార్య చెవినిల్లు కట్టుకుని పోరినా వినలేదు.

తీరా ఒక మేక నీరసించి కూలబడేసరికి, నెపం చెల్లెలి మీదకు నెట్టాడు. ఆమె కొత్తగా కొన్న రెండు మేకల్ని అంతకు ముందురోజే అతని దొడ్డిలో కట్టేసుకుంది.

"నీ దరిద్రపు మేకలే రోగం తెచ్చాయి. తోలుకుపో!" అని పదిమందిలో అరిచి, వాటిని వెళ్లగొట్టాడు.

నెల తిరిగేలోగా మరో నాలుగు మేకలు మంచం పట్టినట్టు పడిపోయాయి. పశువుల డాక్టరు వచ్చాడు. కబురు విని చెల్లెలూ పరుగెత్తుకొచ్చి మేక తల పట్టుకుంది. డాక్టరు దాని కింది రెప్ప లాగాడు. లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"కడుపులో పురుగులు రక్తం పీల్చేస్తున్నాయి. పెంటికల్లోంచి ఆ తడి గడ్డిలోకి, గడ్డిలోంచి మళ్లీ కడుపులోకి! మీ చెల్లెలి మేకల్నీ చూశాను. వాటికేం లేదు."

మేకలాయన తల దించుకున్నాడు.

"పోనీలే అన్నయ్యా," అంది చెల్లెలు, మేక చెవి నిమురుతూ. "ఆరోజు నువ్వు వెళ్లగొట్టబట్టే నావి బతికాయి."

ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే అతను తలెత్తగలిగేవాడు.