తిమ్మమ్మ నూలు

చింతగింజల గంజిలో ముంచిన కుంచెతో తిమ్మమ్మ పడుగు పొడవునా దువ్వుకుంటూ పోతోంది. వీధిలో గుంజలకు బిగించిన నల్ల ఉన్నిదారాలు ఎండకు మెల్లగా బిరుసెక్కుతున్నాయి. ఎదురు కొసన భర్త వెంకటరమణప్ప తెగిన పోగులను వేళ్లతో తడిమి ముడివేస్తున్నాడు.

డెంకణికోట పక్కనున్న ఈ ఊళ్లో ఒకప్పుడు ఈ వేళకు వీధంతా పడుగులే. పిల్లలు వాటి కింద దూరి బడికి పోయేవాళ్లు. మేత బయళ్లు ఇళ్ల స్థలాలయ్యాక గొర్రెలు పోయాయి, వాటి వెంట మగ్గాలూ పోయాయి. కంబళి నేసే ఇల్లు వీళ్లదొక్కటే మిగిలింది.

గోపీనాథ్ బండి దిగి వచ్చాడు. చుట్టుపక్కల నేతగాళ్లను ఒక్కచోట చేర్చి, బాగలూరు దగ్గర షెడ్డు నడపాలని తిరుగుతున్న సంఘం మనిషి.

"అప్పా, మగ్గాలు బిగించినాము. వ్యాను పంపిస్తాము. నువ్వొస్తేనే మిగతా ఊర్లోళ్లు వచ్చేది."

"ఆడ ఈమె యాడ కూర్చుంటుంది?"

గోపీనాథ్ తల దించుకున్నాడు. "నూలు మిల్లునుంచి వస్తుందప్పా. వడికే పని ఆడ లేదు."

"అట్లయితే నేనూ రాను."

గోపీనాథ్ వెళ్లగానే తిమ్మమ్మ కుంచెను గంజికుండలో పడేసింది. "ఇంటికొచ్చిన పని నాకోసం కాదంటావా?"

"పెండ్లయినప్పటినుంచీ నీ నూలే నేసినాను. ఇంకొకరి నూలు నా చేతికి తెలీదే."

కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె వడికిన నూలంతా ఉండలుండలుగా ఉండేది. అత్త కాళమ్మ దాన్ని పారేయమంది. అతను మాత్రం దాంతోనే ఒక కంబళి నేసి, ఆ చలికాలమంతా కప్పుకుని తిరిగాడు. గుచ్చుకోవడం లేదా అని అడిగితే, వెచ్చగా ఉందన్నాడు.

మధ్యాహ్నం రాగిసంగటి పెడుతూ ఆమే మెత్తబడింది. "ఒకతూరి పోయి చూసి రారాదా?"

"నువ్వూ రా. ఇద్దరమూ చూసొద్దాము."

పక్కింటి రంజిత ఫోనులో తిమ్మమ్మ ఆ మాటే గోపీనాథ్‌కు చెప్పించింది.

భోజనం చేసి వెంకటరమణప్ప మగ్గం గుంతలోకి దిగాడు. సగం నేసిన కంబళి ఇంకా మగ్గం మీదే ఉంది. ఆమె గడప దగ్గర కూర్చుని కదురు తిప్పుతోంది. లోపలినుంచి దబ్బు దబ్బుమని, పోగును బిగించే పలక దెబ్బ. కాసేపటికి అది ఆగింది. పోగు తెగిందేమో, పిలుస్తాడులే అనుకుంది. పిలుపు రాలేదు. లోపలికి వెళ్లి చూస్తే, నేసిన బట్ట మీద చెంప ఆనించి ఉన్నాడు. భుజం పట్టి కదిపింది. అతని తల పక్కకు వాలిపోయింది.

మరునాడు పొద్దున్నే వ్యాను వచ్చింది. గుమ్మం ముందు గుమిగూడిన జనాన్ని చూసి గోపీనాథ్ చెప్పులు విడిచాడు. తిమ్మమ్మ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"షెడ్డులో కిటికీ పక్కన నీకు చోటు పెట్టించినానమ్మా. వడుక్కోనీకి."

ఆమె తల ఆడించింది. ఆమె చూపు లోపలికే ఉంది. మగ్గం మీద పోగును మోసే నాడె పడుగు మధ్యలో ఆగి ఉంది. దాని వెనక ఆమె వడికిన నల్లపోగు, ఇంకా బిగించకుండా, వదులుగా పడి ఉంది.