మిగతా సగం

ఎదురింటి ఇస్త్రీ ఆవిడ మా ఆవిడతో అన్నదట: "మీ ఆయన మందులో పడ్డాడు తల్లీ! నిన్న సాయంత్రం మా గేటుతో 'కాస్త పక్కకి జరగండమ్మా' అన్నాడు." మా ఆవిడ ఆ మాట వేడి చల్లారకుండా మోసుకొచ్చి నాకు వడ్డించింది.

గేటుతో మాట్లాడిన మాట నిజమే. కానీ నేను తాగింది సాయం కోసం.

మా కుట్టు దుకాణంలో బట్ట కత్తిరించేది నేను, కుట్టేది నా చిన్ననాటి నేస్తం. వాడు చేత్తో కాజా కుడితే గుండీ దానంతటదే వెళ్ళి దూరుతుందని పేరు. అందుకే వాణ్ణి అందరూ కాజా అనే పిలుస్తారు. అలాంటివాడికి ఆర్నెల్లుగా పొద్దుటిపూట సూదిలో దారం ఎక్కడం లేదు. దారం కొస తడుపుతాడు, ఒక కన్ను మూస్తాడు, సూదిని అమ్మనాబూతులు తిడతాడు. పదకొండు దాటాక వణుకు తగ్గుతుంది. ఎందుకు తగ్గుతుందో మిషను సొరుగులో సీసాకి తెలుసు.

గిరాకీల ముందు వాడి పరువు పోకూడదని నేను ముందే వచ్చి పది సూదులకి దారం ఎక్కించి ఉంచేవాణ్ణి. లాయరుగారి కోటుకి రెండూ ఎడమ చేతులే కుట్టిన రోజు మాత్రం నోరు ఆగలేదు.

"ఒరే, నీ చేతులు పోతే ఇద్దరం ఏం కుట్టుకు తింటాంరా? తగ్గించు!"

"తగ్గించానుగా! రాత్రికి సీసాలో సగమే."

"మిగతా సగం?"

"సొరుగులో. పొద్దున్నకి."

అప్పుడు వెలిగింది నా బుర్ర. ఆ మిగతా సగం సాయంత్రమే నేను తాగేస్తే, పొద్దున్నకి సొరుగు ఖాళీ!

ఆ రోజునుంచి పొద్దుగూకేసరికి వాళ్ళింట్లో హాజరు. టేపుతో సీసా కొలిచి, సరిగ్గా సగానికి కుట్టుసుద్దతో గీత గీసేవాణ్ణి. గీత పైది వాడిది, కిందది నాది. మొదట్లో వేపకషాయంలా మింగాను. మూడో వారానికి గీత కాస్త పైకి గీయడం మొదలెట్టాను.

ఆ వారంలోనే ఒక పొద్దున్న వాడి సూదులు పట్టుకున్నాను. దారం ఎక్కలేదు. కొస తడిపాను, కన్ను మూశాను, సూదిని తిట్టాను. గుమ్మంలో నిలబడి చూస్తున్న కాజా పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ నా చేతులు చూశాడు. తర్వాత తన చేతులు చూసుకున్నాడు. నవ్వు ఆగిపోయింది.

"పదరా డాక్టరు దగ్గరికి. నిన్ను చూపిద్దాం."

"నన్నా? నిన్నురా!"

"సరే, నువ్వొస్తేనే నేనొస్తా."

దారిలో ఏ సందులోకి తిరిగిపోతామోనని వాడి భార్య మా వెనకే నడిచింది.

డాక్టరమ్మ కళ్ళజోడు పైకి నెట్టి అడిగింది: "పేషెంటు ఎవరు?"

నా వేలు వాడివైపు, వాడి వేలు నావైపు ఒక్కసారే లేచాయి. రెండూ వణుకుతున్నాయి.

"రోజుకి ఎంత తాగుతారు?"

"సగమేనండీ," అన్నాం ఇద్దరం ఒకే గొంతుతో.

వెనకనుంచి చెల్లెమ్మ అంది: "ఈ అన్నయ్య మిగతా సగం తాగి సాయం చేసి వెళ్ళగానే, ఈయన రెండో సీసా తెరుస్తాడండీ. ఇద్దరికీ రాయండి మందు. ఈసారి మీ మందు."