పళ్ల మధ్య తూటా

ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద యంత్రం దగ్గర ఒకామె పనిచేసేది. అందరూ ఆమెను చిన్నమ్మడు అనేవారు. ఇంట్లో చిన్నదని పెట్టిన ముద్దుపేరు, నలభై దాటినా వదల్లేదు. ఆమెకు కోపం ముక్కు మీదే ఉంటుందని కూడా అనేవారు. కానీ ఆ వారం వచ్చిన కోపం ముక్కు మీద ఆగే రకం కాదు.

యంత్రం పక్కనున్న ఆవిరి గొట్టం అతుకు దగ్గర కారుతోంది. దుప్పటి అంచు లోపలికి తోసినప్పుడల్లా ఆవిరి బుస్సుమంటూ ఆమె చేతి మీదికి కొట్టేది. ఎండాకాలం నుంచీ చెబుతూనే ఉంది. తడిగుడ్డ చుట్టుకోమన్నారు. చుట్టుకుంది. చివరికి ఒకరోజు ఆ గుడ్డతో పాటు చర్మం కూడా ఊడొచ్చింది.

కట్టు కట్టించుకుని తిన్నగా మేనేజరు గదికి వెళ్లింది. ఆయన మర్యాదగానే కుర్చీ చూపించాడు.

“చూడమ్మా, కొత్త యంత్రం వచ్చే ఏడాది వస్తుంది. అప్పటిదాకా బైట్ ది బుల్లెట్, అంతే.”

“అంటే ఏంటి సార్?”

“పూర్వం యుద్ధాల్లో మత్తుమందు ఉండేది కాదు కదా. సైనికుడి కాలు కొయ్యాల్సొస్తే పళ్ల మధ్య తూటా పెట్టేవాళ్లట. వాడు దాన్ని కొరికిపట్టి ఓర్చుకునేవాడు. ఆ మాట అలా పుట్టింది. మనమూ కాస్త ఓర్చుకోవాలి మరి.”

మనమట. బల్ల మీద ఆనించిన ఆయన చేతులు రెండూ నున్నగా ఉన్నాయి. ఆమె లేచి వచ్చేసింది.

ఇంటికి వెళ్లి అక్కతో చెప్పింది. అక్క బడిలో ఇంగ్లీషు టీచరు. పొయ్యి మీద కూర కలుపుతూనే వింది.

“ఆ కథ నేనూ విన్నాను. ఇంకోటి కూడా చెబుతారు. తప్పు చేశారని సిపాయిల్ని కట్టేసి కొరడాతో కొట్టేవాళ్లట. అరిస్తే పరువు పోతుందని వాళ్లే తూటా నోట్లో పెట్టుకుని నమిలేవాళ్లట. ఏది అసలుదో నాకూ తెలీదు.”

“కొట్టేవాడి నోట్లో ఏం పెట్టేవాళ్లు?”

“వాడికెందుకే? వాడికేం నొప్పి?”

ఆవిరి తగిలిన ప్రతిసారీ పెదవి కొరుక్కున్నది, పక్కవాళ్లు చూస్తే ఏం లేదని నవ్వింది, అన్నీ చిన్నమ్మడుకి గుర్తొచ్చాయి. ఎవరి పరువు కాపాడిందని? చేతి మంట కన్నా ఆ తలపే ఎక్కువ మండింది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి అన్ని యంత్రాలకీ ఆవిరి వెళ్లే వాల్వు బిగించి దాని ముందు నిలబడింది. ఇస్త్రీ యంత్రాలన్నీ ఒక్కొక్కటే చల్లబడ్డాయి. మేనేజరు పరుగున వచ్చాడు.

“ఏంటిది? తెరువు. పైన వార్డుల్లో దుప్పట్లకి ఎదురుచూస్తున్నారు.”

“గొట్టం బాగుచేశాక తెరుస్తాను.”

“నీ ఒక్కదాని కోసం పనంతా ఆపుతావా?”

“ఒక్కదాన్నే కాలుతున్నాను కాబట్టే కదా సార్ ఇన్నాళ్లూ పని ఆగలేదు.”

ఆమె గొంతు హాలంతా వినిపించింది. దుప్పట్లు మడతపెట్టే పెద్దావిడ చేతిలోది బల్ల మీద పడేసి వచ్చి ఆమె పక్కన నిలబడింది. తర్వాత మిగతావాళ్లూ ఒక్కొక్కరుగా వచ్చారు. మేనేజరు అందరి వంకా చూసి ఫోను తీశాడు.

మధ్యాహ్నానికల్లా మెకానిక్కు వచ్చాడు. అతుకు విప్పి, అరిగిపోయిన రబ్బరు వాషరు తీసి, కొత్తది వేసి బిగించాడు. చేతులు తుడుచుకుంటూ, “ఇంతేనమ్మా. ఎప్పుడో పిలవాల్సింది,” అన్నాడు.

అంతవరకూ తొణకని చిన్నమ్మడుకి అప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. పెద్దావిడ ఆమె భుజం మీద చెయ్యి వేసి, “అయిపోయిందిగా, ఇంకా ఏడుపెందుకే?” అంది.

“ఏడుపు కాదు పిన్నీ, ఒళ్లు మండిపోతోంది. ఇంత చిన్న పనికా, ఇన్నాళ్లు?”

సాయంత్రం మేనేజరు ఆమెను మడతల బల్ల దగ్గరికి మార్చాడు. శిక్ష అని అనలేదు, విశ్రాంతి అన్నాడు. ఆమె సరేనని తల ఊపలేదు. కట్టు విప్పి, పచ్చిగా ఉన్న చెయ్యి ఆయన ముఖం ముందు పెట్టింది. ఆయన చూపు తిప్పుకునే దాకా అలాగే ఉంచింది.