కుంటిగొర్రె చరణం

నందికొండ డ్యాము పనిలో సైరను కూయని రోజు ఆదివారం ఒక్కటే. ఆ ఆదివారం మధ్యాహ్నం కూలివాళ్ల గుడిసెల నడుమ బండలు పేర్చి అరుగు కట్టి, పైన టార్పాలిన్ పట్టా లాగి, సత్యశీల భాగోతం ఆడుతున్నారని చాటింపు వేశారు. గుర్వమ్మకు ముందు సంతోషమైంది, వెనకనే భయమూ పట్టుకుంది. ఆ భాగోతం పాటలన్నీ ఆమెకు నోటికి వచ్చు. ఇక భయానికి కారణం అక్కర్లేదు. పట్టా కూలుతుందేమో, జనంలో బిడ్డ తప్పిపోతుందేమో, తలుపు వేసి వస్తే ఉన్న రెండు చెంబులూ పోతాయేమో. ఆమె మొగుడు జానయ్య అంతా విని, "చెంబులు నెత్తిమీద పెట్టుకొని రా" అన్నాడు.

బయలుదేరే ముందు సోలెడు బియ్యం కొంగున ముడి వేసుకుంది. జొన్న గట్కతో వారం గడిచే ఇంట్లో సోలెడు బియ్యం తక్కువేమీ కాదు. కానీ సత్యశీల ఆటకు వట్టి కొంగుతో ఏ ఆడదీ పోదు. రాజు వెళ్లగొట్టిన రాణి అడవికి పోయే ముందు అరుగు దిగి ఆడవాళ్ల మధ్యకు వస్తుంది. కొంగు పరచి, పుట్టినింటివాళ్లు ఎవరన్నా ఉన్నారా అని అడుగుతుంది. ఎవరి ముందు ఆగితే ఆమె "నేనున్న బిడ్డా" అని ఒడిబియ్యం పోయాలి. పోయని ఇంట్లో పుట్టిన ఆడపిల్లకు పుట్టినిల్లు చల్లగా ఉండదని పెద్దలు చెబుతారు. గుర్వమ్మకు పదేళ్ల గోపమ్మ ఒక్కతే బిడ్డ. అందుకని ముడిని రెండుసార్లు బిగించింది.

మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చున్నారు. గుర్వమ్మ పక్కన లక్ష్మీనర్సమ్మ కూర్చుంది. ఆమెది కొత్తకోట. ఇద్దరూ ఒకే వరుసలో సున్నం తట్టలు మోస్తారు. ఈ భాగోతం ముచ్చటగా మూడుసార్లు చూశానని ఆమె అందరికీ చెప్పుకుంటోంది.

ఇద్దరు మనుషులు అడ్డంగా తెర పట్టుకున్నారు. తెర కింద గజ్జెలు కట్టిన రెండు పాదాలు కనిపించాయి. తెర వెనక నుంచి రాణి పాట అందుకుంది.

"కొండలల్ల తప్పిపోయిన కుంటిగొర్రెనైతినమ్మా..."

గుర్వమ్మ తెర కింది పాదాల వైపు చూసింది.

అది భాగోతంలో ఉన్న మాట కాదు. గూడు చెదిరిపోయిన గువ్వపిట్టనైతినమ్మా అని ఉండాలి. ఆత్మకూరు పక్క ఊళ్లో, చిన్నప్పుడు, గోడ వెనక నక్కి ఈ ఆట చూసిన అక్కా తమ్ముడూ ఆ చరణం మరిచిపోయారు. ఆ ఎండాకాలమే వాళ్ల మందలో ఒక కుంటిగొర్రె తప్పిపోయింది. వెతికి వెతికి ఏడ్చి, దాన్నే పాటలో పెట్టుకున్నారు. లోకంలో ఆ చరణం అట్లా పాడేది ఇద్దరే. ఒకరు గుర్వమ్మ. రెండోవాడు ఆమె తమ్ముడు పర్వతాలు.

తొమ్మిదేళ్ల కింద పర్వతాలు గొర్లను వదిలి, ఆడవేషం కట్టి, భాగోతం వాళ్ల వెంట పోయాడు. ఊళ్లో వాళ్లు తండ్రిని ఆపి ఆపి, నీ చిన్నబిడ్డకు లగ్గం ఎప్పుడు చేస్తున్నవని అడిగేవారు. ముసలాయన నలుగురిలోకి పోవడం మానేశాడు. ఆ దిగులుతోనే పోయాడు. ఆ మాటలు రేపు గోపమ్మ మీద పడతాయని గుర్వమ్మ వణికింది. నందికొండకు వచ్చిన మొదటిరోజే, నేను ఒక్కదాన్నే పుట్టిన, తోడబుట్టినోళ్లు లేరని చెప్పింది. జానయ్య ఆ మాట విని ఊరుకున్నాడు.

తెర దిగింది. ఎర్ర చీర, నడుముకు వడ్డాణం, కళ్లకు కాటుక. రాణి కుంటిగొర్రెనని చెప్పుకుంటే ఆడవాళ్లు ముందు కిసకిసా నవ్వారు. రెండోసారి అదే చరణం లాగి పాడేసరికి ముక్కులు చీదారు.

గోపమ్మ లేచి నిలబడింది. "మా అమ్మ గూడ గిట్లనే పాడుతది. ఇసురుకుంట గీ కుంటిగొర్రె పాటనే పాడుతది" అంది అందరికీ వినబడేట్టు.

లక్ష్మీనర్సమ్మ ఇటు తిరిగింది. "నేను మూడుపార్లు చూసిన. అందరు గువ్వపిట్ట అనే పాడిండ్రు. నువ్వేడ నేర్సినవే?"

"అందరు గట్లనే పాడుతరు" అని, గుర్వమ్మ బిడ్డను లాగి కూర్చోబెట్టి తొడ మీద గిల్లింది.

రాణి అరుగు దిగింది. ఒక్కొక్క ఆడమనిషి ముందు ఆగి కొంగు పరుస్తోంది. నేనున్న బిడ్డా, నేనున్న బిడ్డా అంటూ బియ్యం పడుతోంది. గుర్వమ్మ తలమీది కొంగు ముక్కు దాకా లాక్కుంది. తన ముందుకు రావద్దని మొక్కని దేవుడు లేడు. గజ్జెలు దగ్గరికి వచ్చి ఆగాయి.

"పుట్టినింటోళ్లు ఎవలన్న ఉన్నరా అమ్మా?"

ఆమె చెయ్యి ముడి మీదే ఉంది. ముడి మీద చెయ్యి, చేతి మీద అక్కాతమ్ముడు ఒక్కరోజు పొడిపించుకున్న తేలు పచ్చబొట్టు. పరిచిన కొంగుతో రాణి కిందికి వంగినప్పుడు ఎదుటి చేతి మీద కూడా తేలు కనబడింది. గోపమ్మ మోచేత్తో పొడిచింది. లక్ష్మీనర్సమ్మ చూస్తోంది. గుర్వమ్మ ముడి విప్పలేదు.

రాణి ఒక ఊపిరి ఎక్కువసేపు నిలబడింది. తర్వాత పక్కకు జరిగింది. పక్కనున్న లక్ష్మీనర్సమ్మే, "నేనున్న బిడ్డా" అని ఇద్దరి వంతూ పోసింది.

అరుగెక్కి రాణి అడవి పాట ఎత్తుకుంది. చివరిసారి ఆ చరణం వచ్చింది.

"గూడు చెదిరిపోయిన గువ్వపిట్టనైతినమ్మా..."

"గీసారి తప్పు పాడిండు" అంది గోపమ్మ మెల్లగా.

గుర్వమ్మ తల ఎత్తలేదు. వాడు తప్పు పాడలేదు. అక్కను దాచిపెట్టాడు.

ఆట పొద్దుగూకే లోపలే అయిపోయింది. ఇంటికి వచ్చాక జానయ్య గట్క తింటూ, "గొంతు మంచిగనే ఉన్నది" అన్నాడు. ఎవరి గొంతని అనలేదు. ముడి విప్పి బియ్యం కుండలో పోస్తే, ఆ చప్పుడు గుడిసంతా వినబడినట్టయింది.

తెల్లారగానే కుండలోని బియ్యమంతా సంచిలో పోసుకొని భాగోతం వాళ్ల బస దగ్గరికి పోయింది. బండికి సామాను ఎక్కిస్తున్నారు. పర్వతాలు మాసిన అంగీ వేసుకొని గజ్జెలు మూట కడుతున్నాడు. కళ్ల చుట్టూ కాటుక పూర్తిగా పోలేదు. చెంపల దగ్గర వెంట్రుకలు అప్పుడే తెల్లబడుతున్నాయి. అక్కను చూసి లేచాడు. కాళ్లకు మొక్కబోయి, చుట్టూ చూసి ఆగాడు. తన కోసం కాదు, ఆమె కోసమే చూశాడు.

పిల్ల అచ్చం నీ లెక్కనే ఉన్నదన్నాడు. బాపు పోయిన సంగతి మూడు నెలలకు తెలిసిందన్నాడు. ఆమె సంచి ముందుకు చాపింది.

"నేనున్న తమ్మీ" అంది. గొంతు ఆమెకే సరిగా వినబడలేదు.

పర్వతాలు సంచి వైపు చూశాడు. "గిప్పుడు ఎవలింటరక్కా?" అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. భుజం మీది తువ్వాల తీసి పరిచాడు. ఆమె బియ్యమంతా పోసింది. ఒక గింజ కింద పడితే ఏరి అందులోనే వేశాడు. బండి దేవరకొండ దారి పట్టింది.

తిరిగి వస్తుంటే నల్లా దగ్గర లక్ష్మీనర్సమ్మ కనబడింది. పొద్దున్నే ఖాళీ సంచి పట్టుకొని ఎక్కడికి పోయినవని అడిగింది. గుర్వమ్మ నాలుక చివర ఒక్క మాట ఉంది. మా తమ్ముని దగ్గరికి అనాలి. గోపమ్మ ముఖం కళ్లముందు మెదిలింది. నల్లా దగ్గర ఇంకా నలుగురు ఉన్నారు.

"బియ్యం చేబదులు అడుగ పోయిన. ఎవలియ్యలే" అంది.

లక్ష్మీనర్సమ్మ బిందె అక్కడే దించింది. చెయ్యి పట్టుకొని తన గుడిసెకు లాక్కుపోయి, కొంగు పట్టమంది. గుర్వమ్మ వద్దన్నా వినలేదు.

"నిన్న నీ కొంగు ముడి ఇప్పకపోతే, ఇంట్లకే సాలయేమో అనుకున్న. నోరు తెరిసి నన్నడుగొద్దానే? పుట్టినింటోళ్లు లేరని గింత మొగమాటమా. నేనున్న గద."

సోలతో కొలవకుండా, దోసిళ్లతో పోసింది. గుర్వమ్మ రెండు చేతులతో కొంగు పట్టుకొని నిలబడింది. నిన్న వాడు నిలబడినట్టే వంగి నిలబడింది. చేతి మీది తేలు బియ్యం బరువుకు సాగినట్టు కనబడుతోంది.

పని సైరను కూసింది. "నడు, తట్టలకు యాల్లయింది" అని లక్ష్మీనర్సమ్మ ముందు నడిచింది. గుర్వమ్మ కొంగు వదలనూ లేక, తల ఎత్తనూ లేక, ఆమె వెనకే నడిచింది.